వెర్నా టాయిలెట్ మరమ్మతు ఉపసంఘం

మెస్కీట్ ఫ్లాట్స్ శీతకాల నివాసుల సంఘం జనవరిలో ఒక సోమవారం ఉదయం అత్యవసరంగా సమావేశమై, శ్రీమతి వెర్నా కిటెల్సన్ నివసించే, చక్రాల మీది ఇల్లు లాంటి ట్రైలర్‌లోని టాయిలెట్ ఆకస్మికంగా పనిచేయడం మానుకున్నందుకు ప్రగాఢ విచారం వెలిబుచ్చింది. సభ్యులు లేచి నిలబడ్డారు. కుర్చీలు ఇంకా తెచ్చుకోలేదు కనుక వాళ్లు మొదటినుంచీ నిలబడే ఉన్నారన్నది నిజమే. అయినా నిలబడడం నిలబడడమే కాబట్టి తీర్మానంలో అలాగే చేర్చారు.

ఇదే సంఘం నవంబరులో, వెర్నా భర్త ఆర్లో వేసవిలో చనిపోయాడని తెలిసినప్పుడు, సమావేశం కాలేదు. కావడానికి వీలూ లేదు. సంఘం నియమావళిలో నీటి కొళాయిలు, కరెంటు వాడకం, కుక్కలు, మురుగు గొట్టాల బిగింపు అనే అంశాలున్నాయి. మరణం లేదు. నియమావళిలో లేనిదాన్ని గురించి మాట్లాడే అలవాటు అరిజోనా ఎడారిలోని ఆ ట్రైలర్ల పేటలో ఎవరికీ లేదు.

వాళ్లు చెడ్డవాళ్లని ఎవరూ అనుకోకూడదు. మినెసోటాలో, డకోటాల్లో, మానిటోబాలో తొలి మంచు పడగానే ట్రక్కుల వెనక ట్రైలర్లు తగిలించుకుని దక్షిణానికి దిగివచ్చే పదవీ విరమణ చేసిన మనుషులు వాళ్లు. వాళ్లంత సాయం చేసే మనుషులు ఎక్కడా ఉండరు. పేటలో ఎవరి ట్రైలర్ కింద ఒక మేకు జారిపడ్డా, ఆ చప్పుడుకి ముగ్గురు మగవాళ్లు ప్రత్యక్షమవుతారు. ఎవరి యంత్రానికి మూత తెరిచినా, ప్యాంటు వెనక జేబుల్లో చేతులు పెట్టుకుని చుట్టూ నిలబడతారు. ఎవరూ పిలవరు. బెల్లం దగ్గరికి చీమలను ఎవరైనా పిలుస్తారా?

వెర్నా నవంబరులో ఒంటరిగా ట్రక్కు నడుపుకుంటూ వచ్చిన సాయంత్రం కూడా అలాగే చేరారు. సంఘం అధ్యక్షుడు మెరిల్ హాగ్‌స్ట్రమ్ ఒకప్పుడు సాసేజీల కర్మాగారంలో భద్రతాధికారికి సహాయకుడు. ఆయన ముందుగా డ్రైవరు పక్క సీటు చూశాడు. అది ఖాళీగా ఉంది. వెంటనే టైర్లు చూశాడు.

"టైర్లు బాగున్నాయి," అన్నాడు.

"మొన్ననే మార్పించాను," అంది వెర్నా.

విన్నిపెగ్‌లో టెలిఫోన్ కంపెనీకి నలభై ఏళ్లు సేవ చేసి, చర్చికి కూడా జేబులో కరెంటు మీటరు వేసుకుని వెళ్లే ఇర్వ్ పంక్రాట్జ్ గొంతు సవరించుకున్నాడు. "దారిలో ఈదురు గాలి కొట్టిందా?"

"కొట్టింది."

"నెబ్రాస్కాలోనా?"

"నెబ్రాస్కాలోనే."

"నెబ్రాస్కా అంతే," అన్నాడు ఇర్వ్. అందరూ తలలూపారు. నెబ్రాస్కా విషయంలో అంత సానుభూతి చూపిన మనుషులను అంతకు ముందెన్నడూ చూడలేదు వెర్నా. మెరిల్ భార్య లువెల్లా మాంసం, చిక్కుళ్లు, పైన బంగాళాదుంప ఉండలు పేర్చి కాల్చిన హాట్‌డిష్ తెచ్చి చేతిలో పెట్టి, "గిన్నె తొందరేం లేదు," అని వెళ్లిపోయింది. పరామర్శ ముగిసింది.

నిజానికి వెర్నా అంత దూరం వచ్చింది వెచ్చదనం కోసం కాదు. సొంత ఊళ్లో ఆర్లో గురించి చెప్పవలసినవన్నీ అంత్యక్రియల రోజునే చెప్పేశారు. ఆమెకు తెలియనిది వాళ్లలో ఎవరి దగ్గరా మిగల్లేదు. కాని ఆర్లో తన చలికాలాలన్నీ ఈ మనుషుల ట్రైలర్ల కింద వెల్లకిలా పడుకుని గడిపాడు. ఆ కింద ఏం మాట్లాడేవాడో, దేనికి నవ్వేవాడో వెర్నా వినలేదు. వాళ్లు విన్నారు. వాళ్ల దగ్గర ఆర్లో ఇంకా కొంత మిగిలి ఉన్నాడు. దాన్ని కొంచెం కొంచెంగానైనా తీసుకుందామని వచ్చింది. రెండు నెలలు గడిచాయి. ఒక్కరైనా అతని పేరు ఎత్తలేదు. ఎప్పుడెదురైనా "పర్వాలేదా?" అనేవారు. "పర్వాలేదు," అనేది. ఆ ప్రాంతపు మర్యాద ప్రకారం దాన్ని సుదీర్ఘ సంభాషణగా లెక్కిస్తారు.

ఇలాంటి సమయంలో టాయిలెట్ ఆగిపోయింది.

అది మామూలు టాయిలెట్ కాదు. కాలితో తొక్కే పాత రకాన్ని పీకేసి, బటన్ నొక్కితే నీళ్లు వచ్చి, లోపల మోటారు తిరిగి, అంతా పిండి చేసి ట్రైలర్ అడుగున ఉండే మురుగు ట్యాంకులోకి పంపే కొత్త రకాన్ని ఆర్లో స్వయంగా బిగించాడు. బిగించిన రోజున పేటలోవాళ్లు వరసకట్టి ఒక్కొక్కరే లోపలికి వెళ్లి బటన్ నొక్కి, తలలూపి బయటికి వచ్చారు. సోమవారం ఉదయం అదే బటన్‌ను వెర్నా నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. ట్యాంకు నిండిందేమోనని వెళ్లి మురుగు గొట్టం తెరిచి ఖాళీ చేసి వచ్చింది. అయినా లేదు.

పేట నిర్వాహకురాలు డొలోరెస్ ఇబార్రా చుట్టూ తిప్పి మాట్లాడే రకం కాదు. ఆవిడ పుట్టి పెరిగింది ఆ ఎడారిలోనే. "చూడు వెర్నా, లోపల పనిచేసే టాయిలెట్ లేని ట్రైలర్ ఇక్కడ ఉండకూడదు. యజమానుల రూలది, నాది కాదు. శనివారం మధ్యాహ్నం దాకా ఆగుతాను. అప్పటికీ కాకపోతే స్థలం ఖాళీ చెయ్యాలి. నాకేం సరదా కాదు."

వెర్నాది మూల స్థలం. పాలోవెర్డే చెట్టు నీడ, పడమటి వైపు కొండలు, ఒక పక్క పొరుగువాడే లేడు. అది ఖాళీ అయితే దక్కే వంతు ఎవరిదో పేటలో అందరికీ తెలుసు. మెరిల్ హాగ్‌స్ట్రమ్‌ది. మరమ్మతు ఉపసంఘానికి అధ్యక్షత వహిస్తానని ముందుకొచ్చింది కూడా ఆయనే. దీన్ని బట్టి ఆయన ఎంత నిస్వార్థపరుడో అర్థం చేసుకోవచ్చు. మరమ్మతు ఫలించినా విఫలమైనా సమానంగా భరించగల స్థితిలో ఉన్న మనిషి పేటలో ఆయన ఒక్కడే.

ఉపసంఘాన్ని ప్రారంభిస్తూ ఆయన ట్రైలర్ మెట్టు మీద నిలబడి ప్రసంగించాడు. "మిత్రులారా, టాయిలెట్ అనేది ఒకరి సొంత విషయం కాదు. ఇవాళ వెర్నాది ఆగింది, రేపు ఎవరిది ఆగుతుందో మనకు తెలియదు. కర్మాగారంలో నా పాతికేళ్ల అనుభవం ఒక్కటే చెబుతుంది: యంత్రం ఆగిందంటే కరెంటు ఆగింది. కరెంటును పట్టుకోండి, యంత్రం దానంతటదే దారికొస్తుంది." అందరూ చప్పట్లు కొట్టారు. ఎవరికీ కనిపించని, వాసన లేని, నలుగురిలో చెప్పుకోదగిన పదార్థం కరెంటు ఒక్కటే కావడం వల్ల టాయిలెట్ సమస్యను కరెంటు సమస్యగా ఏకగ్రీవంగా తీర్మానించారు. ట్యాంకులో ఏముంటుందో ఎవరూ ప్రస్తావించలేదు. వాళ్లు మర్యాదస్తులు.

తొలిరోజు ఇర్వ్ మోకాళ్ల మీద టాయిలెట్ ముందు కూర్చుని మీటరు తీగలు ఆనించాడు. వెర్నా టార్చి పట్టుకుంది. తలుపు దగ్గర మెరిల్, ఆయన వెనక మరో నలుగురు, వాళ్ల వెనక ఒక కుక్క.

"పన్నెండున్నర వోల్టులు," అన్నాడు ఇర్వ్.

"పన్నెండున్నర," అని మెరిల్ వెనక్కి అందించాడు.

"పన్నెండున్నర," అని ఆ మాట బయట కుర్చీల దాకా వెళ్లింది. అక్కడ ఎవరో "మంచిదే," అన్నారు.

"కరెంటు వస్తోంది గదయ్యా. మరెందుకు తిరగట్లేదు?" అంది వెర్నా.

"రావడం వేరు, పనిచేయడం వేరు, వెర్నా," అన్నాడు మెరిల్. "నా మేనల్లుణ్ణి చూడు. రోజూ ఆఫీసుకి వస్తాడు."

ఫ్యూజు తీసి చూశారు. బాగానే ఉంది. బాగున్న ఫ్యూజును తిరిగి పెట్టడం అనుమానాస్పదం కాబట్టి కొత్తది వేశారు. టాయిలెట్ పక్కన గోడ మీద వరసగా ఉండే ట్యాంకు దీపాల్లో "నిండింది" అనే ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఖాళీ ట్యాంకుని నిండిందనీ నిండినదాన్ని ఖాళీ అనీ చెప్పడం ఆ దీపాలకు అన్ని ట్రైలర్లలోనూ అలవాటే. వాటిని చూడకుండా ఎవరూ ఉండరు; చూసి నమ్మినవాళ్లూ ఎవరూ లేరు. ఈ విషయంలో ఎన్నికల వాగ్దానాలకూ ఆ దీపాలకూ తేడా లేదని మెరిల్ చమత్కరించాడు. అందరూ నవ్వారు. దీపం అలాగే వెలుగుతూ ఉంది.

మంగళవారం పురోగతి మొదలైంది. గోడ పలక ఊడదీసి వైర్లన్నీ బయటికి లాగి, కొన్ని కత్తిరించి, కొన్ని కలిపి, మళ్లీ లోపలికి తోశారు. సాయంత్రానికి ఫ్యాను స్విచ్ వేస్తే నీళ్ల పంపు తిరిగింది. పంపు స్విచ్ వేస్తే రేడియోలో వాతావరణ వార్తలు వచ్చాయి. రేడియో స్విచ్ వేస్తే ఫ్యాను వ్యతిరేక దిశలో తిరిగి బయటి దుమ్మునంతా బాత్రూంలోకి తెచ్చింది. టాయిలెట్ ఏమీ చేయలేదు. "చూశావా, కదలిక వచ్చింది!" అన్నాడు మెరిల్. నిన్నటిదాకా చెడినది ఒక్కటే, ఇవాళ నాలుగు. సమస్య అంత విశాలమైనదని ముందే గ్రహించినందుకు ఉపసంఘాన్ని సాయంకాలపు సభలో అభినందించారు.

బుధవారానికి పేటలో రెండు పక్షాలు ఏర్పడ్డాయి. లోపం ఎర్త్ వైరులో ఉందనేవాళ్లు ఇర్వ్ వైపు, బటన్ లోపలి స్విచ్‌లో ఉందనేవాళ్లు మెరిల్ వైపు. రోజూ నాలుగు గంటలకు ఎవరి కుర్చీ, ఎవరి గ్లాసు వాళ్లు తెచ్చుకుని గుండ్రంగా కూర్చునే జనం ఆ రోజు రెండు అర్ధచంద్రాలుగా కూర్చున్నారు. ఏళ్లుగా కలిసి పేకాడిన మనుషులు పలకరింపులు మానుకున్నారు. ఒక దంపతుల్లో భార్య ఎర్త్ వైరు, భర్త స్విచ్. వాళ్లు మధ్యలో కూర్చున్నారు.

వెర్నా మాత్రం పేట చివర ఉన్న సామూహిక స్నానాల గదికి తువ్వాలు సంచి భుజాన వేసుకుని నడిచి వెళ్లి వస్తోంది. ఆ నడకలో ఆమె ఒక వింత గమనించింది. రెండు నెలలుగా ఆమెను చూసి దారి మళ్లిన మనుషులు, చెప్పులో రాయి ఉన్నట్టు వంగిపోయిన మనుషులు, ఇప్పుడు దూరం నుంచే చెయ్యెత్తి ఎదురొస్తున్నారు.

"వెర్నా! వోల్టేజి ఎలా ఉంది?"

"పన్నెండున్నర."

"నిలబడుతోందా, పడిపోతోందా?"

"నిలబడుతోంది."

"అమ్మయ్య," అని భుజం తట్టి వెళ్లేవారు. ఒకావిడ కళ్లు తుడుచుకుంది కూడా. పన్నెండున్నర వోల్టులకు అంతగా కదిలిపోయే హృదయాలు అవి.

గురువారం మెరిల్ గోడ లోపలినుంచి ఒక వైరు పట్టి లాగుతున్నప్పుడు వెర్నా ధైర్యం చేసింది. ఆ మాట అనడానికి ఆమె పొద్దుటినుంచీ సిద్ధపడింది. "ఆ అతుకు ఆర్లో వేశాడు."

మెరిల్ చేయి ఆగిపోయింది. ఇర్వ్ మీటరు వైపు చూశాడు. మీటరు సున్నా చూపించింది. మెరిల్ అన్నాడు: "మంచి టేపు వాడాడు."

"టేపు మంచిదే," అన్నాడు ఇర్వ్.

ముగ్గురూ ఆ నల్ల టేపునే చూస్తూ నిలబడ్డారు. అది నిజంగానే మంచి టేపు. తర్వాత మెరిల్ దాన్ని ఊడదీయకుండా, ఆ వైరును మాత్రం మెల్లగా ఉన్నచోటే పెట్టేశాడు. ఉపసంఘం చేసిన పనులన్నింటిలో టాయిలెట్‌కు హాని చేయనిది అదొక్కటే.

శుక్రవారం నాలుగింటికి వెర్నా కూడా కుర్చీ తెచ్చుకుంది. రెండు అర్ధచంద్రాల మధ్య ఎక్కడ వేసుకోవాలో తెలియక మధ్యలోనే నిలబడింది. "అందరూ చాలా శ్రమపడ్డారు. థాంక్స్. రేపు పొద్దున్నే బయల్దేరతాను. డొలోరెస్‌కి చెప్పేశాను. లువెల్లా, నీ గిన్నె కడిగి పెట్టాను."

మెరిల్ లేచి, వెర్నా ఈ పేటకు చేసిన సేవలను కొనియాడబోయి, కొంత కొనియాడాడు కూడా. "మూల స్థలం మనందరి హృదయాల్లో ఖాళీగానే..." అని ఆయన అంటుండగా లువెల్లా గ్లాసు కింద పెట్టింది.

"మెరిల్, చెప్పు."

"ఏం చెప్పాలి?"

"నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?"

"సభామర్యాద అనేది ఒకటుంటుంది లువెల్లా."

"నీ సభామర్యాద తీసుకెళ్లి ఆ ట్యాంకులోనే వేసుకో," అంది లువెల్లా. ఇల్లాలుగా ఆ మాట అనాలని ఆమెకు చాలాకాలంగా ఉన్నట్టుంది. "వెర్నా, నిరుడు మాదీ ఇలాగే ఆగిపోయింది."

"మీది తొక్కుడు టాయిలెట్ కదా," అన్నాడు ఇర్వ్.

"ఎక్కడ? ఆర్లో బిగించినదాన్ని చూసొచ్చిన వారానికే ఈయన రహస్యంగా అలాంటిదే కొన్నాడు. ఇంకొకణ్ణి చూసి కొన్నాడని తెలిస్తే పరువు పోతుందని ఎవరికీ చెప్పొద్దన్నాడు. ఫిబ్రవరిలో ఆగింది. ఈయన కరెంటు అన్నాడు. రెండ్రోజులు వైర్లు పీకాడు. చివరికి నేనే వెళ్లి ఆర్లోని పిలుచుకొచ్చాను."

సభలో ఆ పేరు పడింది. ఎవరో కుర్చీలో సర్దుకున్నారు. వెర్నా కదల్లేదు.

"వచ్చాడు. నేల మీద పడుకున్నాడు. గోడ మీది ఎర్ర దీపం చూశాడు. ఇక నవ్వడం మొదలుపెట్టాడమ్మా, ఆపితే ఒట్టు! 'మెరిల్, ప్రపంచంలో ఆ దీపాన్ని నమ్మేది నీ టాయిలెట్ ఒక్కటేరా' అన్నాడు. ట్యాంకు నిండిందని దీపం చెబితే ఈ కొత్త రకం తిరగదంట. పొంగిపోకుండా అలా కట్టారంట. ట్యాంకు లోపలి గోడకి కాగితం ముక్క అంటుకున్నా దీపం వెలుగుతుందంట. అంతే, కాగితం."

"అన్య పదార్థం," అన్నాడు మెరిల్ నీరసంగా.

"టాయిలెట్ కాగితం," అంది లువెల్లా. "వాడినది."

అర్ధచంద్రాలు రెండూ సిగ్గుతో నేలచూపులు చూశాయి. "మరి ఎలా తీశాడు?" అని ఇర్వ్ అడిగాడు. ఆ గొంతులో ఎర్త్ వైరు పక్షం ఓటమి వినిపించింది.

"ఐసు. సంచుల కొద్దీ ఐసు టాయిలెట్‌లో పోయించి, నీళ్లు పట్టించి, ట్రైలర్ని పాత హైవే మీద తిప్పమన్నాడు. కదిలితే ఐసు కొట్టుకుని గోడలు తోముతుందంట. ఈయన డ్రైవింగు. ఆర్లో ఏమో, లోపల కూర్చుని గలగల వింటానన్నాడు. నడుస్తున్న ట్రైలర్లో మనిషి ఉండకూడదయ్యా అంటే వినడే! టాయిలెట్ మూత మీద కూర్చుని, ప్రతి గుంతకీ 'ఇంకోటి! ఇంకోటి!' అని కేకలు. వెనక్కి వచ్చేసరికి తడిసి ముద్దయిపోయాడు. నవ్వుతూనే ఉన్నాడు."

వెర్నా కుర్చీలో కూర్చుంది. "గ్యాసు సిలిండరు నింపించుకొస్తానని వెళ్లాడు ఆ రోజు. పూటంతా రాలేదు. వచ్చాక తడిబట్టలేమిటంటే కొళాయి పగిలిందన్నాడు. నేను తిట్టాను."

"చెప్పొద్దని నేనే మాట తీసుకున్నాను," అన్నాడు మెరిల్. "నీక్కూడా."

"నాక్కూడా చెప్పలేదు," అంది వెర్నా. ఆమె నవ్విందో మరేమైనా చేసిందో ఎవరూ చూడలేదు. అందరూ మర్యాదగా కొండలవైపు చూస్తున్నారు.

సోమవారం నుంచీ నివారణ తెలిసి కూడా అధ్యక్షులవారు ఎందుకు మౌనం వహించారని ఎవరైనా అడగవచ్చు. ఎవరూ అడగలేదు. చెప్పాలంటే ముందు కాగితం పేరు ఎత్తాలి, తర్వాత ఆర్లో పేరు ఎత్తాలి. ఈ రెండింటికంటే ఒక ట్రైలర్ వైర్లన్నీ పీకడం సులభం కదా. అలాంటి అవసరం వచ్చినప్పుడు మనలో ఎవరైనా ఆ పనే చేస్తాం.

శనివారం ఉదయం పేటలోని శీతల పెట్టెలన్నింటినుంచీ ఐసు వెర్నా టాయిలెట్‌లోకి తరలింది. మోటారు తిరగకపోయినా అడుగు మూతను చేత్తో తెరిచి ట్యాంకులోకి తోశారు. మధ్యాహ్నం గడువుకు హైవే దాకా వెళ్లివచ్చే వ్యవధి లేదు. అందుకని పేటలోని వీధుల్లోనే తిప్పాలని, వేగం తగ్గించడానికి యజమానులు వేయించిన దిబ్బలను ఐసు కుదుపు నిమిత్తం వినియోగించుకోవాలని నిర్ణయమైంది. ఆ దిబ్బలను తవ్వేయాలని సంఘం ఏటా తీర్మానం చేస్తుంది.

వెర్నా ట్రక్కు ఎక్కింది. మెరిల్ కర్ర చివర ఎర్ర గుడ్డ కట్టి ముందు నడిచాడు. ఇర్వ్ హెడ్‌లైట్లు వేయించాడు. వెనక వచ్చేవాళ్లకు తెలియడానికి మిణుకు దీపాలు కూడా. లువెల్లా, మిగిలినవాళ్లు వెనక నడిచారు. ట్రక్కు మనిషి నడక వేగంతో కదిలింది. మొదటి దిబ్బ మీద ట్రైలర్ ఎగిరి పడింది. లోపల ఐసు గలగలమంది.

రెండో వీధిలో చిక్కు వచ్చింది. ఆ మనుషులు పెరిగిన చిన్న ఊళ్లలో, పగలు దీపాలు వేసుకుని నెమ్మదిగా వెళ్లే వాహనం ఒకే ఒక్క రకానిది, శవాన్ని తీసుకెళ్లేది. అది కనిపిస్తే కారు పక్కకు ఆపాలి, టోపీ తీయాలి. ఎవరూ నేర్పరు, ఎముకల్లో ఉంటుంది. గుమ్మం ముందు గిన్నె తోముతున్న ముసలాయన ఒకడు తలెత్తి చూసి, గిన్నె దించి, టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు. ఆయన్ని చూసి పక్కాయన తీశాడు. గోల్ఫ్ బండి ఒకటి పక్కకు తప్పుకుని ఆగింది. వీధి పొడవునా టోపీలు దిగాయి. నిజం తెలిసినవాళ్లు కూడా తీశారు. పక్కవాడు తీసినప్పుడు తీయకపోవడం బాగుండదు.

ముందు రోజే పేటకు వచ్చిన ఒకాయన టోపీ చేతిలో పట్టుకుని ఎర్ర గుడ్డతో నడుస్తున్న మెరిల్‌ని మెల్లగా అడిగాడు. "ఎవరు పోయారండీ?"

మెరిల్ హాగ్‌స్ట్రమ్ నోరు తెరిచాడు. టాయిలెట్ అనాలి. కరెంటు అని కూడా అనవచ్చు. ట్రక్కు అద్దం దించి ఉంది. వెర్నా వింటోంది.

"ఆర్లో కిటెల్సన్," అన్నాడు మెరిల్. కాసేపు నడిచి మళ్లీ అన్నాడు, ఈసారి ఎవరూ అడగకుండానే. "నా స్నేహితుడు."

చుట్టు పూర్తయింది. డొలోరెస్ గుమ్మం దగ్గర నిలబడి, "ఆపు వెర్నా, చూద్దాం. పడి ఉంటుంది ఆ కాగితం," అంది.

"ఐసు ఇంకా కరగలేదు," అంది వెర్నా, ట్రక్కు ఆపకుండా. "ఇంకో చుట్టు వేస్తాను."

డొలోరెస్ గడియారం చూసుకుంది. తర్వాత ఆవిడ కూడా వెనక నడిచింది. రెండో చుట్టులో మెరిల్ ఎర్ర గుడ్డను కిందికి దించి పట్టుకున్నాడు. మూడో చుట్టుకి లోపల గలగలలు లేవు. ఐసు కరిగిపోయిందని అందరికీ తెలుసు. ఎవరూ ఆ మాట అనలేదు.

ఎర్ర దీపం ఆరిపోయింది. వెర్నా బటన్ నొక్కితే మోటారు గర్జించింది, నీళ్లు వచ్చాయి, జనం చప్పట్లు కొట్టారు. ఒక్కొక్కరే లోపలికి వెళ్లి నొక్కి చూసి తలలూపుతూ బయటికి వచ్చారు. డొలోరెస్ "ఉండొచ్చు," అని చెప్పి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం ఉపసంఘం తుది నివేదికను మెరిల్ చదివి వినిపించాడు. విజయానికి కారణం ఎర్త్ వైరు, స్విచ్ రెండింటినీ సకాలంలో సరిచేయడమేనని, ఐసు అందుకు తోడ్పడి ఉండవచ్చునని అందులో ఉంది. ఇరుపక్షాలూ సంతృప్తి చెందాయి. కుర్చీలు మళ్లీ గుండ్రంగా చేరాయి. ఇర్వ్‌కు, మెరిల్‌కు చెక్క పలకల మీద పేర్లు చెక్కించి బహూకరించారు. ఊరేగింపు ప్రస్తావన నివేదికలో లేదు. ఆర్లో పేరు లేదు. నియమావళి మామూలు స్థితికి వచ్చింది.

ఆదివారం వెర్నా స్నానాల గదికి వెళ్లవలసిన పని లేకపోయింది. కుర్చీ బయట వేసుకుని కూర్చుంది. మనుషులు ఎదురుగా వెళ్తూ చెయ్యెత్తారు. "పర్వాలేదా?" "పర్వాలేదు." ఎవరూ ఆగలేదు. ఆగడానికి ఏముంది? తారుమారైన వైర్లను కూడా ఇర్వ్ సరిచేసి వెళ్లాడు. ట్రైలర్‌లో అన్నీ పనిచేస్తున్నాయి. సోమవారం కూడా పనిచేశాయి. మంగళవారం లువెల్లా గిన్నె తీసుకుని, "టాయిలెట్ బాగుందా?" అని అడిగి, బాగుందనగానే సంతోషించి వెళ్లిపోయింది.

బుధవారం పొద్దున వెర్నా బాత్రూంలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసి, పైనున్న దీపపు గాజు మూత తీసి, బల్బును అర చుట్టు వదులు చేసింది. మూత జాగ్రత్తగా పెట్టేసింది. చేతులు కడుక్కుని మెరిల్ గుమ్మానికి వెళ్లి తలుపు తట్టింది.

"బాత్రూంలో దీపం వెలగట్లేదు మెరిల్. కరెంటు సమస్యే అనుకుంటాను."

మెరిల్ ముఖం వెలిగింది. పది నిమిషాల్లో ఇర్వ్ మీటరుతో సహా నేల మీద ఉన్నాడు. దీపం పైన ఉంటే ఆయన నేల మీద ఎందుకున్నాడో ఎవరూ అడగలేదు, అలవాటైన చోటు. వెర్నా టార్చి పట్టుకుంది. ఇర్వ్ గోడ పలక ఊడదీసి, లోపల నల్ల టేపు చుట్టిన అతుకును వేలితో తట్టి, వెనక్కి తిరక్కుండానే మొదలుపెట్టాడు.

"ఒకసారి ఏమైందనుకున్నావు వెర్నా, నేనూ ఆర్లో కలిసి ఆ చర్చి వెనకాల..."

టార్చి కదలకుండా పట్టుకుని ఆమె వింటూ నిలబడింది.

ఆ చలికాలమంతా మెస్కీట్ ఫ్లాట్స్‌లో చిన్నచిన్న కరెంటు లోపాలు విపరీతంగా పెరిగాయని సంఘం వార్షిక నివేదిక పేర్కొంది. ముఖ్యంగా ఒంటరిగా ఉండేవారి ట్రైలర్లలో. ఈ కాలపు బల్బుల్లో నాణ్యత లేకపోవడమే ఇందుకు కారణమని సంఘం తేల్చింది. మీ వీధిలో ఎలా ఉందో తెలియదు. మొన్నామధ్య ఒక మనిషి పోయిన ఆ ఇంట్లోంచి, స్విచ్ పనిచేయడం లేదని ఎవరైనా మీ దగ్గరికి వస్తే, దయచేసి త్వరగా బాగుచేసి రాకండి.